విశ్రాంతి నుంచి నడక దాకా: నడుము నొప్పి, తుంటి నొప్పి చికిత్సల చరిత్ర

ఇంట్లో ఎవరికైనా నడుము పట్టేస్తే పెద్దలు ఏం చెబుతారో మీకు తెలుసు. "కదలకుండా పడుకో" అంటారు. "పరుపు తీసేసి బల్ల మీద పడుకో" అంటారు. ఉప్పు మూటతో కాపడం పెడతారు. వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోస్తారు. రెండు మూడు వారాల్లో మనిషి మామూలుగా లేచి తిరుగుతాడు. మరి నొప్పి దేనివల్ల తగ్గినట్టు? పడుకున్నందువల్లనా, బల్ల వల్లనా, కాపడం వల్లనా? ఇవేవీ చేయకపోయినా తగ్గేదేనా?

ప్రశ్న చిన్నదే. కానీ దీనికి నమ్మదగిన జవాబు దొరకడానికి వేల సంవత్సరాలు పట్టింది. సరైన పరీక్ష జరిగింది 20వ శతాబ్దం చివరి భాగంలోనే. నడుము నొప్పికి, తుంటి నొప్పికి మనిషి చేసుకున్న చికిత్సల చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం. శస్త్రచికిత్స లేకుండా నొప్పిని తగ్గించే సహజ పద్ధతులలో ఏవి పరీక్షకు నిలిచాయో, ఏవి నిలవలేదో కూడా చూద్దాం.

నడుములో ఏముంది?

ముందుగా కొంచెం శరీర నిర్మాణం. నడుము భాగంలో 5 వెన్నుపూసలు ఉంటాయి. ఒక పూసకూ మరో పూసకూ మధ్య డిస్కు అనే మెత్త ఉంటుంది. దాని వెలుపల గట్టి నారలతో అల్లిన వలయం, లోపల జిగురులాంటి గుజ్జు ఉంటాయి. పెద్దవారిలో డిస్కు లోపలి భాగానికి రక్తనాళాలు చేరవు. చుట్టుపక్కల కణజాలం నుంచి మెల్లగా ఊరి వచ్చే పోషకాలే దానికి ఆహారం. ఈ విషయం గుర్తుంచుకోండి, తరవాత పనికి వస్తుంది.

నడుము కింది పూసల దగ్గర, వాటి కింద ఉండే త్రికాస్థి దగ్గర బయలుదేరే నరాల మొదళ్ళు కలిసి సయాటిక్ నరం అవుతాయి. మన శరీరంలో అన్నిటికన్నా లావైన నరం ఇదే. పిరుదు గుండా, తొడ వెనక భాగం గుండా ఇది కిందికి దిగుతుంది. దీని శాఖలు పాదం వరకు వెళ్తాయి. ఈ నరం మొదళ్ళు ఒత్తిడికి, వాపుకు గురైతే పిరుదు నుంచి కాలి కిందికి నొప్పి జివ్వున పాకుతుంది. తిమ్మిరి, మంట కూడా ఉండవచ్చు. దీన్నే సయాటికా అంటారు. మన వాడుకలో తుంటి నొప్పి. నొప్పి నడుముకే పరిమితమైతే అది మామూలు నడుము నొప్పి. ఈ రెండింటికీ తేడా ఉందని తెలుసుకోవడానికే చాలా కాలం పట్టింది.

ప్రాచీనులు గమనించినవి

నడుము నొప్పిని గురించి మనకు దొరికిన పాత రాతల్లో ఒకటి ఈజిప్టుది. 1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ లక్సర్‌లో ఒక పపైరస్ చుట్టను కొన్నాడు. అది సుమారు క్రీ.పూ. 1600 నాటిది. అందులో గాయాలకు సంబంధించిన 48 కేసుల వివరాలున్నాయి. చివరిది వెన్నుపూస బెణికిన మనిషిది. కాళ్ళు చాపమని, ముడవమని వైద్యుడు అతనికి చెబుతాడు. కాళ్ళు చాపగానే వెన్నులో నొప్పి పుట్టి అతను వెంటనే ముడుచుకుంటాడు. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టాలని రాసి, ఆ తరవాత ఏం చేయాలో చెప్పబోతూ ఉండగానే రాత ఆగిపోయింది. నకలు రాసినవాడు అక్కడితో వదిలేశాడు.

మన దేశంలో చరక సంహిత ఈ జబ్బును గృధ్రసి అని పిలిచింది. గృధ్రం అంటే రాబందు. రోగి నడక రాబందు నడకలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని వివరిస్తారు. పిరుదు దగ్గర మొదలైన నొప్పి నడుము, తొడ, మోకాలు, పిక్కల మీదుగా పాదం దాకా పాకుతుందని చరకుడు వరసగా చెప్పాడు. కాలు పైకి ఎత్తడానికి ఈ జబ్బు అడ్డుపడుతుందని సుశ్రుతుడు రాశాడు. ఇవి రెండూ చాలా నిశితమైన పరిశీలనలు. అయితే చికిత్సగా చెప్పిన వాటిలో సిరను కోసి రక్తం తీయడం, కాల్చి వాత పెట్టడం కూడా ఉన్నాయి. లక్షణాలను సరిగా గమనించడం ఒక పని, చికిత్స పని చేస్తుందో లేదో తేల్చడం మరొక పని. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

గ్రీకులు తుంటి కీలును ఇస్కియాన్ అన్నారు. సయాటికా అనే మాట అక్కడినుంచే పుట్టింది. పేరుకు తగ్గట్టే ఐరోపాలో చాలా కాలం దీన్ని తుంటి కీలు జబ్బుగానే భావించారు.

నరం వంతు వచ్చింది

1764లో ఇటలీలోని నేపుల్స్ నగరంలో డొమెనికో కొటున్యో అనే వైద్యుడు ఈ జబ్బు మీదే ఒక పుస్తకం రాశాడు. కీలు వల్ల వచ్చే నొప్పి వేరు, నరం వల్ల వచ్చే నొప్పి వేరు అని అందులో స్పష్టంగా విడదీశాడు. నరం చుట్టూ ద్రవం చేరడమే కారణమని ఆయన అనుకున్నాడు. ఆ ఊహ నిలవలేదు, కానీ జబ్బు నరానిదే అన్న మాట నిలిచింది.

1880లో బెల్‌గ్రేడ్‌లో లాజర్ లాజరెవిచ్ అనే వైద్యుడు ఒక తేలికైన పరీక్షను వివరించాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలిని పైకి లేపాలి. తుంటి నొప్పి ఉన్నవారికి కాలు కొంత ఎత్తు లేవగానే నరం లాగి నొప్పి పుడుతుంది. మరుసటి ఏడాది పారిస్‌లో ఫోర్స్ట్ అనే విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో ఇలాంటి పరీక్షనే వర్ణించాడు. అతని గురువు పేరు లాసేగ్. పరీక్షకు లోకంలో గురువు పేరే స్థిరపడింది. ఈనాటికీ వైద్యులు చేసే పరీక్ష ఇదే. సుశ్రుతుడి మాటను దీని పక్కన పెట్టి చూడండి, ఇద్దరి దృష్టీ ఒకే చోట పడింది.

"కదలకు" అన్న మాట ఎక్కడ పుట్టింది?

ఇప్పుడు మన కథలో ముఖ్యమైన మలుపుకు వచ్చాం. 1863లో జాన్ హిల్టన్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడి ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. దెబ్బతిన్న అవయవానికి విశ్రాంతి ఇస్తే ప్రకృతే దాన్ని బాగుచేస్తుందన్నది వాటి సారం. అదే కాలంలో లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన వంశం తరతరాలుగా ఎముకలు సరిచేసే నాటు వైద్యుల వంశం. విశ్రాంతి అంటే విడవకుండా, ఎక్కువ కాలం, అవసరమైతే బలవంతంగానైనా ఇవ్వాలని ఆయన బోధించాడు.

ఆయన చెప్పింది తప్పా? కాదు. ఆయన ముందున్న రోగులు ఎవరో చూడండి. ఎముకలు విరిగినవారు, కీళ్ళకు క్షయ సోకినవారు. అప్పటికి క్షయకు మందు లేదు. అలాంటి కీలును కదలకుండా ఉంచడమే వారికి మేలు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, విరిగిన ఎముకకు, క్షయ పట్టిన కీలుకు పనికి వచ్చిన సూత్రాన్ని తరవాతి తరాలవారు ఏ ఎముకా విరగని, ఏ క్షయా లేని మామూలు నడుము నొప్పికి కూడా వర్తింపజేశారు. ఆ పని సరైనదేనా అని ఎవరూ పరీక్షించలేదు.

1934లో అమెరికాలోని బోస్టన్ నగరంలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు ఒక వ్యాసం ప్రచురించారు. డిస్కు చిట్లి, లోపలి పదార్థం బయటికి వచ్చి నరం మొదలును నొక్కడం వల్ల తుంటి నొప్పి వస్తుందని, శస్త్రచికిత్సతో దాన్ని తీసివేయవచ్చని చూపించారు. ఇది నిజంగా గొప్ప ముందడుగు. అయితే దీనితో పాటు ఒక భయం కూడా జనంలోకి వెళ్ళింది. నడుము అంటే ఏ క్షణాన చిట్లుతుందో తెలియని సున్నితమైన యంత్రం అన్న భయం అది. నొప్పి వస్తే రెండు మూడు వారాలు మంచం మీదే ఉండమనడం, నడుముకు బరువులు కట్టి లాగడం, బెల్టు బిగించడం ఆసుపత్రులలో మామూలు అయ్యాయి.

పోల్చి చూడడం మొదలైంది

మంచం మీద అనుమానం ముందే పుట్టింది. 1947లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ పడక వల్ల కలిగే ప్రమాదాలను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఎక్కువ కాలం పడుకున్నవారికి సిరల్లో రక్తం గడ్డకడుతుంది, ఒంటికి పుండ్లు పడతాయి, కండరాలు క్షీణిస్తాయి, ఎముకల్లో కాల్షియం తగ్గుతుంది అని హెచ్చరించాడు. కానీ నడుము నొప్పి విషయంలో లెక్కలు కావాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మామూలు నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. తనంతట తాను తగ్గే జబ్బుకు ఏ చికిత్స చేసినా, ఆ చికిత్సే తగ్గించినట్టు కనిపిస్తుంది. నూనె రాసినవాడు నూనె గొప్పదంటాడు, బెల్టు కట్టినవాడు బెల్టు గొప్పదంటాడు. నిజం తెలియాలంటే ఒకే రకం రోగులను రెండు జట్లుగా చేయాలి. ఎవరు ఏ జట్టులోకి వెళ్ళాలో వైద్యుడు కాని, రోగి కాని ఎంచుకోకూడదు, చీటీలు తీసినట్టుగా నిర్ణయించాలి. ఆ తరవాత రెండు జట్ల ఫలితాలనూ పోల్చాలి.

1986లో అమెరికాలోని టెక్సస్‌లో రిచర్డ్ డెయో, ఆయన సహచరులు ఈ పని చేశారు. నడుము నొప్పితో వచ్చిన 203 మందిలో కొందరిని 2 రోజులు, కొందరిని 7 రోజులు పడుకోమన్నారు. 2 రోజుల జట్టువారు పని మానుకున్న రోజులు 45 శాతం తక్కువ. మిగతా ఏ విషయంలోనూ 7 రోజుల జట్టుకు అదనపు మేలు కనిపించలేదు.

మరి ఆ 2 రోజులైనా అవసరమా? 1995లో ఫిన్లాండ్ వైద్యులు దీన్ని పరీక్షించారు. హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టు 2 రోజులు మంచం మీద ఉంది. రెండో జట్టు నడుము వ్యాయామాలు చేసింది. మూడో జట్టును నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకోమన్నారు. అందరికన్నా త్వరగా కోలుకున్నది మూడో జట్టు. నెమ్మదిగా కోలుకున్నది మంచం జట్టు. నొప్పి తీవ్రంగా ఉన్న తొలి రోజుల్లో ప్రత్యేక వ్యాయామాలు కూడా మామూలు తిరుగుడు కన్నా మెరుగు కాలేదన్నది గమనించండి.

"అది ఉత్త నడుము నొప్పి కదా, నరం నొక్కుకుంటే పడుకోవద్దా?" అని మీరు అడగవచ్చు. 1999లో నెదర్లాండ్స్ వైద్యులు ఇదే ప్రశ్న వేసుకున్నారు. తుంటి నొప్పి ఉన్న 183 మందిలో 92 మందిని 2 వారాలు మంచం మీద ఉంచారు, 91 మందిని ఉంచలేదు. 2 వారాల తరవాత మంచం జట్టులో 70 శాతం, రెండో జట్టులో 65 శాతం మెరుగయ్యారు. ఈ తేడా లెక్కలోకి తీసుకోదగినంత పెద్దది కాదు. 12 వారాల తరవాత రెండు జట్లలోనూ 87 శాతం మెరుగయ్యారు. అంటే మంచం తుంటి నొప్పికి హాని చేయలేదు, కానీ మేలూ చేయలేదు. రోజు కూలి మీద బతికే మనిషికి 2 వారాల పడక అంటే ఏమిటో ఆలోచిస్తే, మేలు చేయని చికిత్స ఖరీదు ఎంతో అర్థమవుతుంది.

చిట్లిన డిస్కు ఏమవుతుంది?

స్కానింగ్ యంత్రాలు వచ్చాక మరో వింత బయటపడింది. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు 36 శాతమే. 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. వారికి ఏ బాధా లేదు. తల నెరసినట్టే డిస్కులో కూడా వయసు గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి రిపోర్టులో "డిస్క్ బల్జ్" అన్న మాట చూసి హడలిపోనక్కరలేదు. నొప్పికి అదే కారణమా కాదా అన్నది రోగిని పరీక్షించి వైద్యుడు తేల్చాలి.

నిజంగానే డిస్కు పదార్థం బయటికి వచ్చినా, చాలాసార్లు శరీరమే దాన్ని తొలగిస్తుంది. బయటికి వచ్చిన ముక్కను మన రక్షణ వ్యవస్థ పరాయి వస్తువుగా గుర్తిస్తుంది. తెల్ల రక్తకణాల జాతికి చెందిన కణాలు దాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. 2015లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పూర్తిగా తెగి విడిపోయిన ముక్కలలో 96 శాతం, బయటికి పొడుచుకు వచ్చిన వాటిలో 70 శాతం కుంచించుకుపోయాయని తేలింది. కొంచెం ఉబ్బిన డిస్కుల విషయంలో ఇది 13 శాతమే. స్కానింగులో ఎక్కువ భయపెట్టే ముక్కే తరచు త్వరగా కరుగుతుందన్నమాట.

అలాగని శస్త్రచికిత్స అనవసరమని కాదు. 2007లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన తుంటి నొప్పి ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారు. త్వరగా శస్త్రచికిత్స చేయించుకున్నవారికి నొప్పి వేగంగా తగ్గింది. ఆగి చూసిన జట్టులో 39 శాతం మందికి తరవాత శస్త్రచికిత్స అవసరమైంది. ఏడాది చివరికి మాత్రం రెండు జట్లలోనూ 95 శాతం కోలుకున్నట్టు చెప్పారు. ఆగడమా, చేయించుకోవడమా అన్నది నొప్పి తీవ్రతను బట్టి రోగి, వైద్యుడు కలిసి తేల్చుకోవలసిన విషయం.

సహజ పద్ధతులలో ఏవి నిలిచాయి?

ఇక మన ఇళ్ళలో చేసేవాటి సంగతి చూద్దాం.

కాపడం నిలిచింది. వేడి వల్ల కొత్తగా వచ్చిన నడుము నొప్పికి కొద్దిపాటి ఉపశమనం దొరుకుతుందని పరీక్షలలో తేలింది. అది జబ్బును తీసివేయదు, లేచి నాలుగడుగులు వేయడానికి వీలు కల్పిస్తుంది. చర్మం కాలకుండా చూసుకోవాలి. తిమ్మిరి వల్ల స్పర్శ తగ్గిన చోట, మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి కాపడం పెట్టకూడదు.

చెక్క బల్ల నిలవలేదు. 2003లో స్పెయిన్‌లో దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందికి కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థంగా ఉండే పరుపులు ఇచ్చారు. మధ్యస్థపు పరుపుల వారికే ఎక్కువ మేలు కలిగింది.

నడక గట్టిగా నిలిచింది. ఒకసారి తగ్గిన నడుము నొప్పి మళ్ళీ రావడం మామూలు. 2024లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో, నొప్పి నుంచి కోలుకున్న 701 మందిలో ఒక జట్టు ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా నడక పెంచుకుంటూ పోయింది. నొప్పి తిరగబెట్టడానికి మామూలు జట్టులో మధ్యగత విలువ 112 రోజులైతే, నడక జట్టులో 208 రోజులు.

యోగా కూడా పరీక్షకు నిలిచింది. 2017లో అమెరికాలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 320 మందిపై జరిగిన పరిశోధనలో, ఈ నొప్పికి తగినట్టు రూపొందించిన యోగా తరగతులు ఫిజియోథెరపీకి తీసిపోలేదు. అయితే తుంటి నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు పుస్తకం చూసి ముందుకు వంగే ఆసనాలు వేయకూడదు. నేర్పేవారు పక్కన ఉండాలి.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు ప్రకటించింది. రోగికి జబ్బును వివరించి చెప్పడం, వ్యాయామం మొదలైన వాటిని సిఫార్సు చేసింది. నడుము బెల్టులను, బరువులు కట్టి లాగడాన్ని మామూలుగా వాడవద్దంది. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని అంచనా. ఇంతమందికి ఉపయోగపడే సలహాలో ఖర్చు లేనిది ముందు వరసలో ఉండడం మంచి విషయమే.

కదలిక ఎందుకు మేలు చేస్తుంది? డిస్కుకు పోషకాలు మెల్లగా ఊరి రావాలని చెప్పుకున్నాం కదా. వంగినప్పుడు, లేచినప్పుడు డిస్కు మీద ఒత్తిడి పెరిగి తగ్గుతూ ద్రవం లోపలికి, బయటికి కదులుతుంది. కండరాలు బలం కోల్పోవు. అన్నిటినీ మించి, కదిలితే ఏమవుతుందోనన్న భయం తగ్గుతుంది. భయపడి బిగబట్టిన కండరాలు కూడా నొప్పి పెడతాయి. అయితే కదలమంటే, పొద్దస్తమానం వంగి నాట్లు వేసే స్త్రీని ఇంకా వంగమని కాదు. ఆమెకు కావలసింది మధ్యమధ్య నడుము నిటారుగా చేసి నిలబడే వీలు. గంటల తరబడి కంప్యూటరు ముందు కూర్చునే మీకు కావలసింది మధ్యమధ్య లేచి తిరగడం. ఒకే భంగిమలో ఉండిపోకపోవడమే సారం.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

కొన్ని గుర్తులు కనిపిస్తే సహజ పద్ధతులతో కాలయాపన చేయకూడదు. మూత్రం, మలం ఆపుకోలేకపోవడం, మూత్రం బంధించడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గడం, పాదం ఎత్తలేకపోవడం వంటివి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కొన్ని గంటల ఆలస్యం శాశ్వత నష్టం తేవచ్చు. పెద్ద దెబ్బ తగిలిన తరవాత వచ్చిన నొప్పి, జ్వరంతో వచ్చిన నొప్పి, బరువు తగ్గిపోవడం, రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని నొప్పి, లోగడ కాన్సరు వచ్చి ఉండడం కూడా అశ్రద్ధ చేయరానివే. మన దేశంలో వెన్నెముక క్షయ ఇంకా ఉంది. థామస్ కాలంలో దానికి విశ్రాంతి తప్ప మరో దారి లేదు. ఇప్పుడు నయం చేసే మందులున్నాయి, జబ్బును సకాలంలో గుర్తించాలి.

విద్యార్థులారా! విశ్రాంతి సిద్ధాంతం అజ్ఞానంలోంచి పుట్టలేదు. మంచి వైద్యులు, సరైన రోగుల విషయంలో చెప్పిన సరైన మాట అది. దాన్ని పరీక్షించకుండా మరొక జబ్బుకు తగిలించడం వల్ల కొన్ని తరాల ప్రజలు అనవసరంగా మంచాన పడ్డారు. దాన్ని సరిదిద్దింది కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు. రెండు జట్లను పోల్చి చూడాలన్న ఆలోచన. అందుకు కాగితం, కలం, ఓపిక చాలు.

ఆలోచించండి

1. ఒక నూనె వాడిన 10 మందికి 6 వారాల్లో నడుము నొప్పి తగ్గింది. నూనె పని చేసిందని చెప్పడానికి ఈ సమాచారం సరిపోతుందా? ఇంకా ఏం తెలియాలి?

2. హెల్సింకి పరిశోధనలో ఎవరి జట్టును వారే ఎంచుకుని ఉంటే ఫలితం ఎలా మారే అవకాశం ఉంది?

3. మీ ఇంట్లో, మీ వీధిలో నడుము నొప్పికి చేసే వైద్యాల పట్టిక తయారు చేయండి. వాటిలో ఒకదాన్ని ఎన్నుకుని, అది పని చేస్తుందో లేదో ఎలా పరీక్షించాలో కాగితం మీద రాసి, తరగతిలో చర్చించండి.